రెండు స్క్రీన్‌షాట్లు, ఒక గది, కొన్ని పుస్తకాలు

పోస్టు పొడుగైంది. తీరిక దొరికినప్పుడే చదవండి, కానీ సగం చదివి కామెంట్ పెట్టకండి. ఎందుకంటే ఈ పోస్టు పుట్టిందే సగం చదవడం వల్ల వచ్చిన లొల్లి నుంచి.

మేము ఉండేది అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక గల్లీలో. నలుగురి గదిలో ఆరుగురం ఉంటున్నం. ఉట్నూరు వైపు గోండు తమ్ముళ్ళు ఇద్దరు, దేవరకొండ తండా నుంచి ఇద్దరు, భద్రాచలం అవతలి కోయ అన్న ఒకరు, అమ్రాబాద్ చెంచు తమ్ముడు ఒకడు. అందరం గ్రూప్స్‌కే చదువుతున్నం. వండుకోవడం, తినడం, బట్టలు ఆరేయడం, ఒకరి చెప్పులు ఇంకొకరు వేసుకుపోవడం అన్నీ కలిసే. ఒక రాత్రి మాత్రం గది రెండు ముక్కలైంది.

ఒక తమ్ముడి ఫోన్‌కు ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. హైమన్‌డార్ఫ్ ఇంగ్లిష్ పుస్తకంలో ఒక పేజీ. ఆదిలాబాద్‌కు బయటి నుంచి లంబాడాలు వచ్చి గోండుల భూములు పట్టుకున్నరని అందులో ఉంది. ఐదు నిమిషాల్లో ఇంకో తమ్ముడు ఇంకో స్క్రీన్‌షాట్ తీసి చూపించిండు. అది భంగ్యా భుక్యా సార్ పుస్తకంలోది. లంబాడాలు నైజాంలో ఎట్ల చితికిపోయారో అందులో ఉంది. ఇంక చూడండి. 2017 చివర్లో ఉట్నూరు వైపు జరిగిన గొడవలన్నీ మా గదిలోకి వచ్చినయి. అరుపులకు కింద ఓనర్ ఆంటీ పైకి వచ్చింది.

రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు కోయ అన్న ఒక్క ప్రశ్న అడిగిండు: "మీ ఇద్దరిలో ఆ పుస్తకం మొత్తం చదివినోడు ఎవడురా?" ఎవరూ చదవలేదు. అడిగిన అన్న కూడా చదవలేదు. ఆ సిగ్గుతోనే పుస్తకాల వెతుకులాట మొదలైంది. దాదాపు ఏడాది పట్టింది. మన గురించి రాసిన పుస్తకాలు ఎప్పుడు, ఎవరు, ఎందుకు రాసిన్రు, అందులో కథ ఎంత, చరిత్ర ఎంత అని మాకు తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నం.

ముందు అమీర్‌పేట సంగతి. ఇక్కడ పుస్తకాలకు కొదవ లేదు. ఫుట్‌పాత్ మీద బిట్ బ్యాంకులు, జిరాక్స్ మెటీరియల్, జావా నోట్సు, కరెంట్ అఫైర్స్ కుప్పలు. మన చరిత్ర మాత్రం వాటిలో మూడు లైన్లే. "కొమురం భీం మరణించిన ప్రదేశం? జోడేఘాట్. సంవత్సరం? 1940." అంతే, తర్వాతి ప్రశ్న. ఆ మూడు లైన్లతో మార్కు వస్తది, కాదనం. ఆ మూడు లైన్లకు అవతల ఏముందో తెలుసుకోవాలంటే పంజాగుట్ట పాత పుస్తకాల దుకాణాలకో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లకో పోవాలి. మేము పోయినం. ఆబిడ్స్‌లో మెడికల్ ఎంట్రన్స్ గైడు కింద ఒక చిరిగిన మహాశ్వేతా దేవి నవల దొరికింది. యాభై రూపాయలు అడిగితే ముప్పైకి ఇచ్చిండు.

అట్ల తిరుగుతుంటే బేగంపేటే ఒక పుస్తకం లాగ కనిపించింది.

పాత ఎయిర్‌పోర్టు దగ్గర రోనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత భవనం ఉంది, ఉస్మానియా యూనివర్సిటీ చేతిలో ఉంది. మనలో చాలామంది బస్సులో దాని ముందు నుంచే పోతుంటరు. 1897 ఆగస్టు 20న రాస్ అనే మిలిటరీ డాక్టర్ ఇక్కడ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మలేరియా దోమ ద్వారా వస్తదని తేలడానికి అదే తొలి గట్టి ఆధారం. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన ఏజెన్సీలో మలేరియా రాని ఇల్లు లేదు కాబట్టి ఈ సంగతి మనకు బిట్ ప్రశ్న ఒక్కటే కాదు, ఇంటి సంగతి కూడా.

ఆ కథలో ఇంకో మనిషి ఉన్నడు. హుసేన్ ఖాన్. మలేరియా రోగి. రాస్ ఆయన్ని దోమతెర కింద పడుకోబెట్టి దోమలతో కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా. పది దోమలకు పది అణాలు. ఆ దోమల్లోనే నాలుగు రోజుల తర్వాత క్రిమి దొరికింది. రాస్‌కు నోబెల్, ఖాన్‌కు పది అణాలు. ఆ తర్వాత ఖాన్ ఏమయ్యాడో పాఠ్యపుస్తకాలు చెప్పవు.

అక్కడే నవల అనేది ఎందుకు పనికొస్తదో మాకు అర్థమైంది. అమితావ్ ఘోష్ 1995లో 'ది కలకత్తా క్రోమోజోమ్' అనే ఇంగ్లిష్ నవల రాశాడు. రాస్ పరిశోధన మీద కల్పించిన కథ. రాస్ తనే ప్రయోగం చేస్తున్నా అనుకున్నాడు కానీ, ఆయన దగ్గర పనిచేసే నౌకర్లే ఆయన్ని నడిపించారేమో అని ఆ నవల తిరగేసి చూపిస్తది. అది జరిగిందని కాదు. జరగలేదు, అది సైన్స్ ఫిక్షన్. 1997లో ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు కూడా ఆ లెక్కనే వచ్చింది. కానీ చదివినంక ఏ పరిశోధన పుస్తకం పట్టుకున్నా "ఇందులో హుసేన్ ఖాన్ ఎవరు?" అని వెతకడం మాకు అలవాటైంది. (రాస్ కూడా నవలలు, పద్యాలు రాసిన మనిషే. 'ది చైల్డ్ ఆఫ్ ఓషన్' అనే ఆయన నవల 1889లో వచ్చింది. దోమలే ఆయన్ని కాపాడినయి, నవలలు కాదు.)

అదే రోడ్డు మీద హైదరాబాద్ పబ్లిక్ స్కూల్. 1923లో జాగీర్దారుల పిల్లల కోసం జాగీర్దార్ కాలేజీగా పెట్టారు. జాగీర్లు రద్దయినంక 1951లో ఇప్పటి పేరు వచ్చింది. ఇప్పుడు గిరిజన సంక్షేమ శాఖ లాటరీ తీసి మన పిల్లలకు అక్కడ ఒకటో తరగతిలో కొన్ని సీట్లు ఇస్తున్నది. మన తాతలతో వెట్టి చేయించుకున్నోళ్ళ పిల్లల కోసం కట్టిన బడిలో తండా పిల్లలు కూసోవడం చిన్న సంగతి కాదు. కానీ అది లాటరీ అన్న సంగతి కూడా మర్చిపోవద్దు.

ఇంకొంచెం ముందుకు వస్తే నిజామియా అబ్జర్వేటరీ ఆవరణ. ఒకప్పుడు ఇక్కడి దూరదర్శినితో ఆకాశాన్ని ఫొటోలు తీసి, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు లెక్కగట్టి, ప్రపంచ నక్షత్రాల పట్టికకు పంపారు. అదే ఆవరణలో 1980లో సెస్ అనే ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ వచ్చింది. భూములు, అడవులు, ఉపాధి మీద అక్కడ చాలా పరిశోధన జరిగింది. మా గోండు తమ్ముడు ఆ గేటు ముందు నిలబడి, "మా తాత చుక్కలను చూసి వాన చెప్పేటోడు, ఆయన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలె" అన్నడు. నిజానికి తర్వాత తీసుకున్నరు. ముంబైలోని టాటా పరిశోధన సంస్థ శాస్త్రవేత్త మయాంక్ వాహియా, ఆయనతో కలిసి పనిచేసినవాళ్ళు గోండు పల్లెల్లో తిరిగి గోండుల చుక్కల విజ్ఞానం మీద 2013లో వ్యాసం రాశారు. తమ్ముడికి చూపిస్తే, "మా తాత పోయినంక వచ్చిన్రు" అన్నడు.

ఇక అసలు సంగతి. మన గురించి మొదట పుస్తకాలు రాసింది ఎవరు? పోలీసులు, పాదిరీలు, ఆఫీసర్లు.

లంబాడాల మీద మొదటి ఇంగ్లిష్ పుస్తకాల్లో ఒకటి 1882లో వచ్చింది. రాసింది కంబర్‌లెజ్ అని బేరార్‌లో పోలీసు అధికారి. అంతకు 11 ఏళ్ళ ముందే, 1871లో, బ్రిటిషోళ్ళు నేరజాతుల చట్టం తెచ్చారు. పోలీసాయన రాస్తే ఏం రాస్తడు, పోలీసు కంటితోనే రాస్తడు. దానికి రెండు వందల ఏళ్ళ ముందు ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే మాత్రం అదే జనాన్ని చూసి ఆశ్చర్యపోయాడు. పది, పన్నెండు వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుపోయే బిడారులు దారికి అడ్డం వస్తే రోజుల తరబడి ఆగాల్సి వచ్చేదని రాశాడు. జనం అదే జనం. రాసినాయన చేతిలో లాఠీ ఉందా, తక్కెడ ఉందా అన్నదే తేడా.

థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. ఆయనకు జనం తలలు, ముక్కులు కొలిచే పిచ్చి. నిజాం రాజ్యం వరకు సయ్యద్ సిరాజుల్ హసన్ రాసిన 'క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్' 1920లో వచ్చింది. ఇవి ఇప్పుడు నెట్‌లో ఉచితంగనే దొరుకుతయి. పెళ్ళి తంతులు, ఇంటిపేర్లు, దేవర్ల పేర్లు వెతుక్కోవడానికి పనికొస్తయి. నవ్వుకోవడానికి, కోపం తెచ్చుకోవడానికి కూడా.

వీటన్నిటికంటే ముందుది, మాకు నచ్చింది, 1866లో అచ్చయిన హిస్‌లాప్ పత్రాలు. నాగపూర్ పాదిరీ హిస్‌లాప్ ఒక ప్రధాన్ గాయకుడి నోట లింగో కథను విని రాయించుకున్నాడు. 1863లో ఆయన చనిపోతే రిచర్డ్ టెంపుల్ అచ్చు వేయించాడు. కింగ్రి పట్టుకుని ప్రధాన్లు పాడే కథ కాగితం మీదికి రావడం అప్పటి నుంచే. ముఖచిత్రం మీద పేర్లు హిస్‌లాప్‌ది, టెంపుల్‌ది. పాడినాయనే ఇక్కడ మన హుసేన్ ఖాన్.

ఇప్పుడు హైమన్‌డార్ఫ్. ఆయన మీద కొంచెం ఎక్కువే రాస్తం, ఎందుకంటే గది పగిలింది ఆయన పేజీతోనే.

క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. ముందు నాగా కొండల్లో పనిచేశాడు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఇండియాలో ఉన్నాడు. ఆస్ట్రియాను అప్పటికే హిట్లర్ కలుపుకున్నాడు కాబట్టి ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. అంటే బ్రిటిషోళ్ళకు శత్రుదేశం మనిషి. తెలిసిన అధికారుల దయవల్ల జైలు శిబిరానికి బదులు హైదరాబాద్ రాజ్యంలోనే ఉండిపొమ్మన్నారు. ఒకరకంగా ఆయన మన అడవుల్లో ఖైదీ. ఆ ఖైదు నుంచే మూడు పెద్ద పుస్తకాలు వచ్చినయి: 1943లో 'ది చెంచూస్', 1945లో పాపికొండల రెడ్ల మీద 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్', 1948లో 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్'. భార్య బెట్టీ ప్రతి ఊళ్ళో పక్కనే ఉంది, పనిలో సగం ఆమెది.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను, ఆయన మనుషులను కాల్చి చంపారు. ఇంత దూరం ఎందుకు వచ్చిందో కనుక్కోమని నిజాం సర్కారు తర్వాత హైమన్‌డార్ఫ్‌ను పంపింది. అడవి చుట్టూ రిజర్వు గీతలు గీసి ఊళ్ళు ఖాళీ చేయించడం, గోండులు దున్నే భూములకు బయటోళ్ళ పేర్ల మీద పట్టాలు రావడం, ఫారెస్టు సిబ్బంది మామూళ్ళు, ఇవన్నీ ఆయన రిపోర్టుల్లోకి ఎక్కినయి. 1945లో అవి 'ట్రైబల్ హైదరాబాద్' పేరుతో వచ్చినయి. సర్కారు సొమ్ముతో అచ్చయిన పుస్తకం సర్కారునే తప్పు పట్టింది. ఆయన సలహాదారుగా ఉన్న కాలంలోనే గోండులకు, కొలాంలకు పట్టాలు ఇచ్చారు. 1943లో మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టి, గోండు యువకులనే పంతుళ్ళను చేసి, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారు చేయించారు. మన భాషలో మన బడి అని ఈరోజు మనం పెడుతున్న డిమాండు ఎనభై ఏళ్ళ కింద ఒక ఊళ్ళో నడిచింది అన్నమాట. తర్వాత సర్కార్లు మారినయి, భాషలు మారినయి, ఆ వాచకాలు పక్కకు పోయినయి.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో చనిపోయాడు. 2012లో ఆయన అస్థికలు కూడా తెచ్చి ఆమె పక్కనే పెట్టారు. మార్లవాయి పోయినోళ్ళు చూసే ఉంటరు.

ఇంతవరకు చదివితే హైమన్‌డార్ఫ్ దేవుడే. కానీ ఆయన్ని పిలిచింది రాజ్యం. భీం మనుషులు తుపాకి ముందు నిలబడకపోతే ఆ రాజ్యం ఏ పండితుణ్ణీ పంపేది కాదు. ఆయన రాతలో ఇంకో చిక్కు కూడా ఉంది. అడవి తెగలు అంటే బయటి లోకం అంటని జనం, బయటోళ్ళు రావడంతోనే చెడిపోయారు అన్న చూపు చాలాచోట్ల కనిపిస్తది. 'ది చెంచూస్' చదువుతుంటే మా అమ్రాబాద్ తమ్ముడు మధ్యలో ఆపి, "మా ఊరోళ్ళు అప్పుడు కూడా సంతకు పోయేటోళ్ళే కదా" అన్నడు. పుస్తకంలోనే వెతికితే తేనె, అడవి సరుకు అమ్ముకోవడం కూడా కనిపించింది. పుస్తకాన్ని పుస్తకంతోనే పట్టుకోవచ్చని ఆ రోజు తెలిసింది.

గదిని చీల్చిన పేజీ 1982లో వచ్చిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ది స్ట్రగుల్ ఫర్ సర్వైవల్' లోది. ముప్పై ఏళ్ళ తర్వాత తిరిగి వచ్చి, తను ఇప్పించిన భూములు ఏమయ్యాయో చూసి, కడుపు మండి రాసిన పుస్తకం. ఆంధ్ర ప్రాంతంలో అప్పటికే ఎస్టీ జాబితాలో ఉన్న లంబాడాలు తెలంగాణలో 1976 చట్టంతో జాబితాలో చేరారు. ఆ తర్వాత మహారాష్ట్ర వైపు నుంచి ఆదిలాబాద్‌కు వలసలు పెరిగి గోండుల మీద ఒత్తిడి పడిందని ఆయన రాశాడు. నిజమే, రాశాడు. స్క్రీన్‌షాట్ అబద్ధం కాదు. కానీ అదే పుస్తకంలో వడ్డీ వ్యాపారుల మీద, భూస్వాముల మీద, చట్టాన్ని కాగితం మీదనే ఉంచిన ఆఫీసర్ల మీద రాసిన పేజీలు చాలా ఉన్నయి. అవి ఎవరూ స్క్రీన్‌షాట్ తీయరు. ఆ పేజీలు తీసి పంపితే కొట్లాట మన గదిలో కాదు, ఇంకెక్కడో జరగాలి కదా!

రెండో స్క్రీన్‌షాట్ భంగ్యా భుక్యా సార్ రాసిన 'సబ్జుగేటెడ్ నోమాడ్స్' లోది. 2010లో వచ్చింది. సార్ కూడా లంబాడానే, ఇప్పుడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చరిత్ర ప్రొఫెసర్. పోలీసాయన కంబర్‌లెజ్ రాసిన 128 ఏళ్ళకు లంబాడాల చరిత్రను లంబాడా రాసిండు. దండులకు ధాన్యం మోసిన బిడారులు రైలు వచ్చినంక, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం వచ్చినంక ఎట్ల కూలిపోయినయి, ఎద్దులోళ్ళు పశువుల కాపర్లుగా, తర్వాత కౌలుదార్లుగా, కూలీలుగా ఎట్ల మారిన్రు, దొంగలన్న ముద్ర ఎట్ల పడింది, ఇదంతా ఆర్కైవ్ కాగితాలతో చూపిస్తది ఆ పుస్తకం. రజాకార్ల కాలంలో, విస్నూరు దేశ్‌ముఖ్ మీద ధర్మాపురం తండా చేసిన భూమి కొట్లాట గురించి ఇంట్లో పెద్దోళ్ళు చెప్పిన ముక్కలకు ఇది చదివినంక వెనకా ముందూ దొరికినయి. ఒకే జనం ఇప్పుడు తెలంగాణలో ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. సరిహద్దు గీతలు మనిషిని ఎన్ని పేర్లతో పిలుస్తయో చూడండి.

కానీ మా గదిలో అసలు మలుపు ఆ పుస్తకంతో రాలేదు. సార్ ఇంకో పుస్తకం రాసిన్రని ఎవరికీ తెలియదు. 2017లో వచ్చిన 'ది రూట్స్ ఆఫ్ ది పెరిఫెరీ'. అది గోండుల చరిత్ర. చాందా గోండు రాజ్యాల నుంచి మొదలుపెట్టి, సొంత రాజ్యం ఉన్న జనాన్ని మరాఠాలు, బ్రిటిషోళ్ళు, నిజాం కలిసి ఎట్ల అంచుకు నెట్టిన్రో చెప్తది. గోండులు మొదటి నుంచీ అడవి మూలన ఉన్నోళ్ళు కాదు, మూలకు తోయబడ్డోళ్ళు అని వాదిస్తది. హైమన్‌డార్ఫ్ చూపులో ఉన్న చిక్కుకు ఇది గట్టి జవాబు. అంటే లంబాడా చరిత్రకారుడు గోండుల రాజ్యాన్ని నిలబెట్టి రాసిండు. ఇది తెలిసిన రోజు మా ఉట్నూరు తమ్ముడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఛాయ్ పెట్టి అందరికీ పోసిండు. ఎస్టీ జాబితా తగువు దానితో తీరలేదు. మా గదిలో ఇప్పటికీ దాని మీద రెండు అభిప్రాయాలున్నయి, దాచుడెందుకు. కానీ పుస్తకాన్ని రాయిలాగ విసరడం మాత్రం ఆగింది.

నవలల సంగతికి వస్తే, భీంను మన మనసుల్లోకి తెచ్చింది రిపోర్టులు కాదు. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం' నవల. 1983లో వచ్చింది. హైమన్‌డార్ఫ్ కారణాలు రాశాడు, వీళ్ళు మనుషులను రాశారు. జోడేఘాట్ గూడేల్లో తిరిగి, ముసలోళ్ళు చెప్పింది విని రాసిన నవల అది. కల్పన ఉంది, రాసినోళ్ళ రాజకీయం ఉంది, ఉన్నట్టు తెలిసే చదవాలి. 1990లో అల్లాణి శ్రీధర్ సినిమా తీశారు. ఇక 2022లో వచ్చిన పెద్ద సినిమా సంగతి మీకే తెలుసు. అందులో భీం ఢిల్లీ పోతడు, పులులతో వస్తడు. మేమూ ఈలలేసి చూసినం. కానీ అది కల్పన అని ఆ సినిమావాళ్ళే చెప్పారు. జోడేఘాట్‌లో ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి కూడే జనం ఆ సినిమాకంటే చాలా ముందు నుంచి కూడుతున్నరు.

కోయ అన్న కోసం ఒక్క పేరా. మన్యం తిరుగుబాటు అంటే అందరికీ అల్లూరి ఒక్కరే గుర్తొస్తరు. డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో 'సబాల్టర్న్ స్టడీస్' మొదటి సంపుటంలో రాసిన వ్యాసం గూడెం, రంప తిరుగుబాట్లను 1839 నుంచి 1924 దాకా ఒకే తాడులాగ చూపిస్తది. అంటే అల్లూరి రాకముందే ఎనభై ఏళ్ళుగా కొండ జనం లేస్తనే ఉన్నరు. ఆయన పక్కన నిలబడ్డ గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు. మల్లుదొర జైలు నుంచి బతికి వచ్చి 1952లో లోక్‌సభకు గెలిచాడు. ఇది ఏ బిట్ బ్యాంకులోనూ మాకు కనిపించలేదు.

తెలుగులోనే చదవాలనుకునే తమ్ముళ్ళకు మహాశ్వేతా దేవి నవల 'ఎవరిదీ అడవి' ముందు చెప్తం. బిర్సా ముండా కథ. బెంగాలీలో 'అరణ్యేర్ అధికార్' పేరుతో వచ్చి 1979లో సాహిత్య అకాడమీ అవార్డు తీసుకుంది. ఆబిడ్స్‌లో ముప్పైకి దొరికింది ఇదే. తర్వాత 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'కు సహవాసి చేసిన తెలుగు. ఆఫ్రికా నుంచి పట్టుకుపోయిన కుంటా కింటే వంశం కథ. అందులో ఎంత చరిత్ర, ఎంత కల్పన అని అమెరికాలో పెద్ద గొడవే నడిచింది. ఇంకో రచయిత పుస్తకం నుంచి కొన్ని భాగాలు వచ్చినయని కేసు అయితే, 1978లో హేలీ డబ్బు కట్టి రాజీ చేసుకున్నాడు. అయినా చదవండి. ఏడు తరాల పేర్లు గుర్తుపెట్టుకోవాలన్న ఆ మనిషి పట్టుదల చూస్తే, మన ప్రధాన్లు, మన భాట్‌లు చేసేది ఎంత పెద్ద పనో తెలుస్తది.

ఇప్పుడు మనోళ్ళే రాస్తున్నరు. రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకం 'ఢావ్లో' 2021లో వచ్చింది, 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం తెచ్చుకుంది. తండా భాష తెలుగు అక్షరాల్లో అట్లనే వినిపిస్తది. ప్రొఫెసర్ సూర్యా ధనంజయ్‌తో కలిసి ఆయన తెచ్చిన 'కేసులా' బంజారా కథల సంకలనం కూడా ఉంది. కేసులా అంటే మోదుగ పువ్వు. మా దేవరకొండ తమ్ముళ్ళు చదివి, "ఇందులో మా అవ్వ మాట్లాడుతున్నది" అన్నరు. గోండి వైపు చూస్తే, నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపిని జయధీర్ తిరుమలరావు సార్, మరికొందరు వెలుగులోకి తెచ్చిన్రు. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. లిపి లేని భాష అని మనల్ని ఎన్నాళ్ళు అన్నరో! కొలాం, తోటి, కొండరెడ్డి, చెంచు తెగల నుంచి ఇట్ల నవలలు, కథల పుస్తకాలు మా చేతికి ఇంకా దొరకలేదు. మీ దగ్గర ఉంటే కామెంట్లో పేరు రాయండి. నిజంగా అడుగుతున్నం.

కొనడానికి పైసలు లేనోళ్ళకు: 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా'ను కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రెస్ వాళ్ళు నెట్‌లో ఉచితంగా పెట్టారు. పేరు కొట్టి వెతికితే మొత్తం దొరుకుతది. మాసబ్ ట్యాంక్ సంక్షేమ భవన్‌లో గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది, 1963 నుంచి ఉంది. కిందనే మన మ్యూజియం. పంజాగుట్ట నుంచి బస్సులో పోతే ఎంతో సేపు పట్టదు. హైమన్‌డార్ఫ్ తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ వాళ్ళు నెట్‌లో పెట్టారు.

ఆ ఫొటోలు అమ్రాబాద్ తమ్ముడు ఉగాదికి ఊరికి పోయినప్పుడు ఫోన్‌లో చూపించిండు. ముసలోళ్ళు ఒక్కో ఫొటో దగ్గర ఆగి, ఆ గుట్ట ఫలానా, ఆ నీళ్ళ మడుగు ఫలానా అని పేర్లు చెప్పిన్రు. ఇద్దరి మొఖాలు కూడా గుర్తుపట్టిన్రంట. తమ్ముడు ఆ పేర్లన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకొచ్చిండు. ఇప్పుడు అది మా అల్మారాలో భుక్యా సార్ రెండు పుస్తకాల పక్కన ఉంది. మార్లవాయి, జైనూర్, సిర్పూర్ వైపు ఉన్నోళ్ళు ఈ దసరాకు ఇంటికి పోతే అట్లనే చేయండి. ఫొటోల లింకు కింద మొదటి కామెంట్లో పెడుతున్నం. నోట్‌బుక్ మాత్రం మీరే కొనుక్కోవాలి.